వెలుగు అంచున పుట్టిన తారలు

నక్షత్రాల చరిత్ర: ధారావాహిక – 9వ భాగం

గత భాగం సాహా సమీకరణం దగ్గర ఆగింది. కలకత్తాలో అధ్యాపకుడిగా ఉన్న మేఘనాద్ సాహా 1920లో ఒక లెక్క తేల్చాడు. ఎంత వేడిలో, ఎంత పీడనంలో పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను ఏమేరకు పోగొట్టుకుంటాయో ఆ లెక్క చెబుతుంది. దాంతో నక్షత్రాల వర్ణపటాలను చదవడం మనిషికి చేతనయింది. ఇక ఇప్పుడు మన కథ నక్షత్రం ఒంటి మీద నుంచి దాని చుట్టూ ఉన్న చోటికి జరుగుతుంది.

సూర్యుడికి ఇరవై, ముప్పై రెట్ల ద్రవ్యరాశి ఉన్న తార ఒకటి చల్లని మేఘం నడుమ పుట్టి వెలగడం మొదలుపెట్టిందనుకుందాం. అది తనను కన్న మేఘాన్ని ఏం చేస్తుంది? కాల్చి, చెదరగొట్టి, ఇకపై అక్కడ ఇంకో తార పుట్టకుండా చేస్తుందా? లేక అదే మేఘాన్ని నొక్కి, ముద్ద చేసి, కొత్త తారలకు ప్రాణం పోస్తుందా? రెండూ జరుగుతాయని ఈరోజు మనకు తెలుసు. కానీ ఫలానా తార ఆ ఒత్తిడి వల్లే పుట్టిందని చెప్పడం మాత్రం ఖగోళశాస్త్రంలో ఇప్పటికీ కష్టమైన పనే. ఎనభై ఏళ్లకు పైబడిన ఆ వెతుకులాటే ఈ భాగం.

ఆకాశంలో పరుచుకున్న ఎరుపు

నీహారికల్లో కొన్ని అచ్చంగా వాయువేనని 1864లో తెలిసింది. ఆ ఏడాది ఆగస్టు 29 రాత్రి ఇంగ్లండులో విలియం హగ్గిన్స్ తన దూరదర్శినికి వర్ణపటదర్శినిని తగిలించి, డ్రేకో రాశిలోని ఒక నీహారిక వైపు తిప్పాడు. తారల గుంపయితే ఇంద్రధనుస్సులాంటి పట్టీ కనబడాలి. ఆయనకు కనబడినవి కొన్ని సన్నని, ప్రకాశవంతమైన గీతలు. పలచని వేడి వాయువు మాత్రమే అలా వెలుగుతుంది. ఓరియన్ నీహారికా అదే జాతిదని ఆ తర్వాత తేలింది. వాటిలోని ఆకుపచ్చ గీతలు భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. ‘నెబ్యూలియం’ అనే కొత్త మూలకం ఉందేమోనని దశాబ్దాల పాటు అనుకున్నారు. 1927లో అమెరికాలో ఐరా బోవెన్ ఆ చిక్కు విప్పాడు. అది మనం పీల్చే ఆక్సిజనే. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని, మన ప్రయోగశాలల్లో సాధ్యంకానంత పలచదనంలో ఉండటం వల్ల అలా వెలుగుతోంది.

అప్పటిదాకా నీహారికలంటే ఆకాశంలో అక్కడక్కడా కనిపించే మరకలే. 1938లో ఒట్టో స్ట్రూవే, సి. టి. ఎల్వీ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, మెక్‌డొనాల్డ్ వేధశాలలో, నీహారికల కోసమే కట్టిన వర్ణపటదర్శినితో ఆకాశాన్ని గాలించారు. సిగ్నస్, సిఫియస్ రాశుల్లో, కంటికి ఏమీ లేనట్టుండే చోట్ల కూడా, హైడ్రోజన్ ఇచ్చే ఎరుపు గీత దొరికింది. చాలా పలచగా, చాలా విశాలంగా హైడ్రోజన్ వెలుగుతోంది. అది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు. కొన్ని చోట్ల ఉంది, ఆ పక్కనే లేదు. ఎందుకిలా?

స్ట్రోంగ్రెన్ గీసిన హద్దు

జవాబు చెప్పినవాడు డెన్మార్క్‌కు చెందిన బెంట్ స్ట్రోంగ్రెన్. తండ్రి ఎలిస్ కోపెన్‌హాగెన్ వేధశాలకు అధిపతి. కొడుకు చిన్నప్పటి నుంచీ ఆకాశం లెక్కల మధ్యే పెరిగాడు. అమెరికాలో స్ట్రూవే దగ్గర కొంతకాలం పనిచేసి స్వదేశానికి వెళ్లిన స్ట్రోంగ్రెన్, 1939లో ఒక వ్యాసం ప్రచురించాడు. నక్షత్రాల మధ్య ఉండే హైడ్రోజన్ ఏ స్థితిలో ఉంటుందన్నది దాని విషయం. సాహా తెరిచిన దారినే ఆయన నక్షత్రం ఉపరితలం నుంచి శూన్యంలాంటి చోటికి పొడిగించాడు.

హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే 91.2 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కాంతి కావాలి. సూర్యుడిలాంటి తారలో అది అత్యల్పం. ఉపరితల ఉష్ణోగ్రత 30,000 డిగ్రీలు దాటిన ‘ఓ’ తరగతి తారలు దాన్ని కుండపోతగా కురిపిస్తాయి. ఆ కాంతి తగిలిన హైడ్రోజన్ రెండుగా విడిపోతుంది, అదే అయనీకరణం. విడిపోయిన ఎలక్ట్రాన్ ఇంకో ప్రోటాన్‌ను కలిసి మళ్లీ పరమాణువవుతుంది. ఆ కలయికల్లో వెలువడే వెలుగులో భాగమే స్ట్రూవే, ఎల్వీ చూసిన ఎరుపు. మళ్లీ కాంతి తగులుతుంది, మళ్లీ విడిపోతుంది. తార నుంచి దూరం పోయేకొద్దీ ఈ పనికే కాంతి ఖర్చయిపోతూ ఉంటుంది. ఒకచోట పూర్తిగా అయిపోతుంది.

స్ట్రోంగ్రెన్ లెక్కలో అందరినీ ఆకట్టుకున్నది ఆ హద్దు పదును. లోపల దాదాపు హైడ్రోజనంతా అయనీకరణం చెంది ఉంటుంది. బయట దాదాపు ఏమీ చెంది ఉండదు. వందల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న గోళంలో కూడా ఈ మార్పు జరిగే పొర కాంతి సంవత్సరంలో చిన్న భాగమంత మందమే. గోళం ఎంత పెద్దదన్నది తార వేడి మీదా, వాయువు సాంద్రత మీదా ఆధారపడుతుంది. సాంద్రత వెయ్యి రెట్లు పెరిగితే వ్యాసార్ధం నూరోవంతుకు కుదించుకుపోతుంది. వెలుగు ఒకచోట ఉండి పక్కన లేకపోవడానికి కారణం ఇదే. ఇలా అయనీకరణం చెందిన హైడ్రోజన్ ప్రాంతాలను ఖగోళశాస్త్రవేత్తలు హెచ్-టూ ప్రాంతాలంటారు. వాటికి ఆదర్శరూపమైన గోళానికి ‘స్ట్రోంగ్రెన్ గోళం’ అనే పేరు స్థిరపడింది.

గోళం ఊరుకోదు

స్ట్రోంగ్రెన్ వాయువును కదలనిదిగా తీసుకుని లెక్క కట్టాడు. కానీ ఆ గోళం కదలకుండా ఉండే వీలే లేదు. లోపల వాయువు సుమారు 10,000 డిగ్రీల వేడి. బయట చల్లని మేఘంలో ఉష్ణోగ్రత పరమశూన్యానికి 10, 20 డిగ్రీలు మాత్రమే పైన. రెండువైపులా సాంద్రత ఒకటే అయితే, లోపలి పీడనం బయటి పీడనానికి వెయ్యి రెట్లకు పైగా ఉంటుంది. అంత తేడా ఉన్నప్పుడు లోపలిది బయటికి తోసుకుని రాక తప్పదు.

వేడి వాయువులో ధ్వని సెకనుకు 10 కిలోమీటర్లకు పైగా పోతుంది. చల్లని మేఘంలో దాని వేగం సెకనుకు 200 మీటర్ల పాటిది. కాబట్టి గోళం వ్యాకోచించే వేగం చల్లని మేఘానికి ధ్వని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మేఘానికి తప్పుకునే వ్యవధి ఉండదు. వెలుగు హద్దుకు ముందు ఒక షాక్ తరంగం పరుగుతీస్తుంది. ఆ రెంటికీ నడుమ మేఘంలోని వాయువూ ధూళీ పోగవుతూ వస్తాయి. తొలకరి వరద ఎండిన కాలవలోకి దిగినప్పుడు నీటి మొన ముందు ఎండుటాకులూ చితుకులూ పోగుపడుతూ కదిలినట్టే ఇదీ. పోనుపోను ఆ పోగు దట్టమవుతుంది.

1950లలో ఈ కదలికల గణితం రూపుదిద్దుకుంది. మాంచెస్టర్‌లో ఫ్రాంజ్ కాన్ 1954లో అయనీకరణ హద్దులు ఏయే తీరుల్లో ముందుకు సాగగలవో వర్గీకరించాడు. ఆ వర్గీకరణను ఇప్పటికీ వాడుతున్నారు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో యాన్ ఊర్ట్ ఒక సాహసమైన మాట అన్నాడు. వేడి తారలు చుట్టూ ఉన్న మేఘాలను ఇలా బయటికి తోస్తాయి, ఆ తోపులో దట్టమైన వాయువు నుంచి మళ్లీ కొత్త తారలు పుట్టవచ్చు అని. మరుసటి ఏడాది ఆయనా, ప్రిన్స్‌టన్‌లోని లైమన్ స్పిట్జరూ కలిసి ఇంకో విషయం వివరించారు. మేఘంలో వెలుగు పడిన ముఖం వేడెక్కి ఆవిరై తార వైపు ఎగజిమ్ముతుంది, ఆ ప్రతిచర్యతో మిగిలిన మేఘం వెనక్కు తోసుకుపోతుంది. రాకెట్ కదిలే సూత్రమే కాబట్టి దీనికి ‘రాకెట్ ప్రభావం’ అనే పేరు వచ్చింది.

వరుసగా పుట్టిన గుంపులు

ఊర్ట్ ఊహ వెనుక బలమైన నేపథ్యం ఉంది. ఆర్మేనియాలో విక్టర్ అంబర్ట్‌సుమియన్ 1947లో ‘నక్షత్ర సంఘాలు’ అనే భావనను ముందుకు తెచ్చాడు. ‘ఓ’, ‘బి’ తరగతుల వేడి తారలు ఆకాశంలో వదులుగా గుంపులు కట్టి ఉంటాయి. ఒకదాన్నొకటి పట్టి ఉంచేటంత గురుత్వాకర్షణ వాటి మధ్య లేదు. అంటే అవి త్వరలోనే చెల్లాచెదురవుతాయి. ఇంకా చెదరలేదంటే అవి పుట్టి ఎక్కువ కాలం కాలేదు. తారల పుట్టుక ఎప్పుడో ఆదిలో జరిగి ముగిసిన ఘట్టం కాదని, నేటికీ సాగుతున్నదని ఈ వాదన తేల్చింది. డచ్చి శాస్త్రవేత్త ఆడ్రియాన్ బ్లావ్ 1952లో పర్సియస్ రాశిలోని ఒక సంఘపు తారల కదలికలను వెనక్కి లెక్కకట్టి, దాని వయసు 13 లక్షల సంవత్సరాలన్నాడు. సూర్యుడి వయసు 460 కోట్ల సంవత్సరాలు. దానిముందు ఇది పొత్తిళ్లలో వయసు.

1964లో బ్లావ్ రాసిన సమీక్ష ఈ చరిత్రలో మలుపు. ఒక్కో సంఘంలో తారలన్నీ ఒకే ఈడువి కావని, సంఘం లోపల ఉపగుంపులున్నాయని ఆయన చూపాడు. చాలా చోట్ల ఆ ఉపగుంపులు వయసు వరుసలో ఉన్నాయి. ఒక కొసన పెద్దవి, విడివడి, వాయువు మిగలకుండా. రెండో కొసన పిన్నవి, బిగువుగా, ఇంకా మేఘానికి అంటుకుని. ఓరియన్ సంఘంలో కొసన ఉన్న పిన్న గుంపే మనకు ఓరియన్ నీహారికగా వెలుగుతోంది. పుట్టుక ఏదో ఒక దిశలో నడిచినట్టుంది. దాన్ని నడిపించింది ఏమిటి?

కనబడని మేఘం కనబడింది

ఆ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందు పుట్టినిల్లు కనబడాలి. తారలు పుట్టే మేఘాల్లో ముఖ్యమైనది హైడ్రోజన్ అణువు. అంత చలిలో అది దాదాపు ఏ సంకేతమూ పంపదు. 1970లో రాబర్ట్ విల్సన్, కీత్ జెఫర్ట్స్, ఆర్నో పెంజియాస్ అమెరికాలోని కిట్ పీక్ రేడియో దూరదర్శినితో ఓరియన్ వైపు చూసి, 2.6 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ సంకేతాన్ని పట్టారు. హైడ్రోజన్ మేఘంలో కొద్దిపాటిగా కలిసివుండే ఈ అణువు మేఘం మొత్తానికి ఆనవాలయింది. కొన్నేళ్లలోనే తేలిందేమంటే, వెలుగుతున్న నీహారికలు అసలు మేఘానికి అంచులు మాత్రమే. వాటి వెనుక లక్షల సూర్యుల ద్రవ్యరాశితో చీకటి అణుమేఘాలు పరుచుకుని ఉన్నాయి. హెచ్-టూ ప్రాంతం చాలాచోట్ల మేఘం నడుమ కాక, దాని ఒక కొసన ఉంది.

1977లో బ్రూస్ ఎల్మెగ్రీన్, చార్లెస్ లాడా ఈ ముక్కలన్నిటినీ కలిపి ఒక సిద్ధాంతంగా కూర్చారు. పొడవాటి అణుమేఘపు ఒక కొసన పెద్ద తారల గుంపు పుడుతుంది. దాని వెలుగు మేఘంలోకి అయనీకరణ హద్దునూ, దాని ముందు షాక్ తరంగాన్నీ నడుపుతుంది. రెంటి మధ్య పోగైన పొర లక్షల ఏళ్లు పెరిగి, తన బరువును తానే మోయలేని దశకు చేరుతుంది. అప్పుడది ముక్కలై కూలి, కొత్త పెద్ద తారలవుతుంది. ఆ కొత్త గుంపు వెలుగు మళ్లీ తన ముందున్న మేఘాన్ని తొలుచుకుపోతుంది. ఇలా తరం తర్వాత తరం. బ్లావ్ చూసిన వయసు వరుసకు ఇది సరిగ్గా అతికింది. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. చిన్న తారలు మేఘంలో ఎక్కడైనా తమంతట తాము పుడుతూ ఉండవచ్చనీ, ఈ గొలుసు ముఖ్యంగా పెద్ద తారల పుట్టుకకు సంబంధించినదనీ వారు చెప్పారు. ఆ తేడాను తర్వాత వచ్చిన ఉత్సాహంలో చాలామంది మరిచారు.

స్తంభాలూ మేఘపు బొట్లూ

ఇలా పొర పోగై కూలడం ఒక దారి. ఇంకో దారి కూడా ఉంది. మేఘం అంతటా ఒకేలా ఉండదు, అందులో ముందునుంచే దట్టమైన ముద్దలుంటాయి. 1947లో బార్ట్ బాక్, ఎడిత్ రైలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెలుగుతున్న నీహారికల మీద నల్లటి చుక్కల్లా కనిపించే చిన్న గుండ్రని మేఘాలను గుర్తించి, అవి తారలుగా మారబోయే ముద్దలు కావచ్చన్నారు. అలాంటి ముద్ద మీదికి అయనీకరణ హద్దు వస్తే ఏమవుతుంది? వెలుగు పడిన ముఖం మీద వేడి వాయువు పొర ఏర్పడి, ముద్దను లోపలికి నొక్కుతుంది. ముద్ద తగినంత బరువైనదైతే నడిమి భాగం కూలి తార అవుతుంది. తేలికదైతే తార కాకముందే ఆవిరైపోతుంది. 1980ల ఆరంభం నుంచి కంప్యూటర్లలో ఈ ఘటనను అంచెలంచెలుగా లెక్కకట్టారు.

పరిశీలనల వైపు జపాన్ శాస్త్రవేత్తలు ముందు నిలిచారు. కోజి సుగితానీ, యాసువో ఫుకుయి, కత్సువో ఓగురా 1991లో ఉత్తరాకాశంలో అంచు వెలిగే మేఘాలను 44 గుర్తించి జాబితా వేశారు. ఒక్కోదాని లోపలా పరారుణ కాంతిలో వెలిగే మూలం ఉంది. అంటే లోపల పసితార ఉండే అవకాశం ఉంది. 1994లో దక్షిణాకాశం నుంచి మరో 45 చేరాయి. వీటిలో కొన్నిటిని నిశితంగా చూస్తే, మేఘం లోపల అతి పిన్న తారలు, వెలుగు అంచు దగ్గర కాస్త పెద్దవి, పెద్ద తార వైపు పోయేకొద్దీ ఇంకా పెద్దవి వరుసగా కనిపించాయి. ఓగురాతో కలిసి నైనిటాల్‌లోని ఆర్యభట్ట పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా ఇలాంటి మేఘాలను అధ్యయనం చేశారు.

సామాన్యులకు ఈ సంగతి తెలిసింది మాత్రం ఒక్క చిత్రంతోనే. 1995 ఏప్రిల్ 1న హబుల్ అంతరిక్ష దూరదర్శిని, సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈగిల్ నీహారికను చిత్రించింది. దాన్ని తీయించినవారు అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్. మూడు ధూళిస్తంభాలు, కొన్ని కాంతి సంవత్సరాల ఎత్తున, పక్కనున్న వేడి తారల వెలుగులో కరుగుతూ నిలబడ్డాయి. ‘సృష్టి స్తంభాలు’గా లోకమంతా ఎరిగిన బొమ్మ అది. వాటి కొసల్లో వేళ్లలా పొడుచుకొచ్చిన చిన్న మేఘపు బొట్లలో పసితారలున్నాయని హెస్టర్ బృందం భావించింది.

ఇక్కడే శాస్త్రం తన మాటను తానే పరీక్షకు పెట్టింది. 2002లో మార్క్ మెకాక్రియన్, మోర్టెన్ ఆండర్సన్ చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో ఆ బొట్ల లోపలికి పరారుణ కాంతిలో చూశారు. 73 బొట్లను పరీక్షిస్తే 11 బొట్లలోనే పసితారల ఆనవాళ్లున్నాయి. మిగతావి ఖాళీ. స్తంభాలు చూడటానికి ఎంత దివ్యంగా ఉన్నా, అక్కడ వెలుగు చేస్తున్న పనిలో ఎక్కువ భాగం కరిగించడమే, పుట్టించడం కొంతే.

పోగై కూలే ఉంగరాలు

ఎల్మెగ్రీన్, లాడాల ‘పోగై కూలడం’ నిజంగా జరుగుతోందా? దీన్ని పట్టుదలగా వెతికినవారు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ వేధశాల శాస్త్రవేత్తలు లీజ్ డెహార్వెంగ్, ఆనీ జవాన్యో. వారి ఎంపిక తెలివైనది. చిక్కుముడిలాంటి పెద్ద నీహారికలను వదిలి, ఒకే వేడి తార చుట్టూ ఇంచుమించు గుండ్రంగా ఉన్న సాదా హెచ్-టూ ప్రాంతాలను ఏరుకున్నారు. సిగ్నస్‌లోని షార్ప్‌లెస్ 104 చుట్టూ సుమారు 6,000 సూర్యుల ద్రవ్యరాశి ఉన్న అణువాయువు ఉంగరం దొరికింది. ఆ ఉంగరం మీద దాదాపు సమాన దూరాల్లో నాలుగు దట్టమైన ముద్దలున్నాయి. ఒక ముద్దలో అప్పటికే తారల గుంపు పుట్టింది. పోగైన పొర ముక్కలైతే ముక్కలు ఇలాగే సమదూరాల్లో ఏర్పడాలని సిద్ధాంతం చెబుతుంది. 2003లో వచ్చిన ఈ ఫలితం ఇంతవరకూ దొరికిన బలమైన సాక్ష్యాల్లో ఒకటి.

2009లో ప్రయోగించిన హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని తొలి ఫలితాల్లో ఆర్‌సీడబ్ల్యూ 120 అనే బుడగ ప్రత్యేకంగా నిలిచింది. ఒక ‘ఓ’ తార చుట్టూ అచ్చు గీసినట్టున్న ఈ బుడగ అంచున ఒక ముద్దలో, ఇప్పటికే సూర్యుడికి 8 నుంచి 10 రెట్ల ద్రవ్యరాశి కూడగట్టుకున్న పసితార ఉంది. చుట్టూ ఉన్న వాయువును ఇంకా తనలోకి లాక్కుంటూనే ఉంది.

హైదరాబాద్ మీదుగా

ఈ వెతుకులాటలో హైదరాబాద్ పేరు గౌరవంగా చెప్పుకోవాలి. వేడి తార వెలుగును మింగిన ధూళి, ఆ శక్తిని దూర పరారుణ కిరణాలుగా వదులుతుంది. మన వాతావరణంలోని నీటియావిరి వాటిని నేల చేరనివ్వదు. ఉపగ్రహం పంపే స్తోమత లేనప్పుడు మిగిలిన దారి బెలూను. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు ఒక మీటరు అద్దం ఉన్న దూరదర్శినిని తయారుచేసి, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరి తమ బెలూను కేంద్రం నుంచి పలుమార్లు ఎగరేశారు. బెలూను దాన్ని వాతావరణంలో అత్యధిక భాగానికి పైకి, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చేది. అందులోని గ్రాహకాలను పరమశూన్యానికి 0.3 డిగ్రీల పైకి చల్లబరచేవారు. అంత పైన, అంత చలిలో పనిచేసే పరికరాన్ని గాలిలోకి వదిలి, పరిశీలన పూర్తయ్యాక పారాచూట్ మీద దించి, మళ్లీ ఎగరేయడానికి సిద్ధం చేయడం మామూలు సంగతి కాదు. హెచ్-టూ ప్రాంతాల చుట్టూ వెచ్చని ధూళి ఎలా పరుచుకుందో ఆ పటాలు చూపాయి. జపాన్ శాస్త్రవేత్తల పరికరాన్ని ఇదే దూరదర్శినికి అమర్చి, ఓరియన్‌లో అయనీకరణం చెందిన కార్బన్ ఇచ్చే 158 మైక్రోమీటర్ల వెలుగును విస్తారంగా చిత్రించారు. 2003లో ప్రచురితమైన ఆ పటం, వెలుగు మేఘాన్ని తాకే సరిహద్దుకు అద్దంపట్టింది.

వేడి వాయువును చూడటానికి మనకు మరో సాధనం, పుణె జిల్లాలోని జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శిని. 45 మీటర్ల వెడల్పున్న 30 యాంటెన్నాలు కలిసి, అయనీకరణం చెందిన వాయువు వెలువరించే రేడియో తరంగాలను పడతాయి. ధూళి వాటికి అడ్డుకాదు. లోపల వాయువు ఎంత విస్తరించిందో జీఎంఆర్‌టీ చెబితే, చుట్టూ ధూళి ఎక్కడ పోగైందో పరారుణ పటం చెబుతుంది. ఈ రెండూ ఒకదానిపై ఒకటి పరిచి చూడటమే ఈ రంగంలో ప్రాథమికమైన పద్ధతి.

పక్కనే ఉన్నంత మాత్రాన

స్పిట్జర్ అంతరిక్ష దూరదర్శిని పాలపుంత తలాన్ని చిత్రించినప్పుడు బుడగలు కుప్పలుగా బయటపడ్డాయి. 2006లో ఎడ్ చర్చ్‌వెల్ బృందం 322 బుడగలకు జాబితా వేసింది. 2012లో ‘మిల్కీవే ప్రాజెక్ట్’లో వేలమంది సామాన్యులు తమ ఇళ్లలో కంప్యూటర్ల ముందు కూర్చుని అవే చిత్రాలను గాలించి, 5,106 బుడగలను గుర్తించారు. అదే ఏడాది వచ్చిన ఒక అధ్యయనం, పెద్ద పసితారలు బుడగల అంచుల దగ్గర యాదృచ్ఛికం కంటే ఎక్కువగా ఉన్నాయని చూపి, పాలపుంతలోని భారీ తారల్లో 14 నుంచి 30 శాతం దాకా ఈ ఒత్తిడితో పుట్టి ఉండవచ్చని అంచనా వేసింది.

ఉండవచ్చు. ఆ మాట దగ్గర చరిత్ర విద్యార్థి అయినవాడు ఆగాలి. బుడగ అంచున పసితార కనిపించిందంటే రెండు అర్థాలున్నాయి. బుడగ తోపుతో తార పుట్టి ఉండొచ్చు. లేదా ఆ ముద్ద ముందునుంచే కూలడానికి సిద్ధంగా ఉండి, బుడగ వచ్చి దాన్ని బయటపెట్టి ఉండొచ్చు. దట్టమైన మేఘం ఉన్నచోటే తారలు పుడతాయి, బుడగ అంచు ఆగేదీ దట్టమైన మేఘం దగ్గరే. కాబట్టి రెండూ పక్కపక్కన ఉండటం సహజమే.

జేమ్స్ డేల్, థామస్ హావర్త్, ఎలీ బ్రెసర్ట్ 2015లో ప్రచురించిన పరిశోధన ఈ సందేహానికి పదును పెట్టింది. ఆకాశంలో చేయలేని పని కంప్యూటరులో చేయవచ్చు. ఒకే మేఘాన్ని రెండుసార్లు నడిపించారు. ఒకసారి పెద్ద తారల వెలుగుతో, ఒకసారి అది లేకుండా. ఏ తార వెలుగు వల్ల పుట్టిందో, ఏది ఎలాగైనా పుట్టేదో దీంతో విడిగా తెలుస్తుంది. ఆ జవాబు చేతిలో పెట్టుకుని, పరిశీలకులు మామూలుగా వాడే గుర్తులను పరీక్షించారు. అంచుకు దగ్గరగా ఉండటం, స్తంభం కొసన ఉండటం, వయసు వరుసలో ఉండటం. వీటిలో ఏదీ నమ్మదగినంతగా నిజం చెప్పలేదు. పైగా ఇలాంటి లెక్కల్లో చాలా వరకు, వెలుగు మొత్తం మీద తారల పుట్టుకను పెంచడం కంటే తగ్గించిందనే తేలింది. కొన్ని చోట్ల పుట్టిస్తూనే, మేఘాన్ని చెదరగొట్టి ఎక్కువ చోట్ల పుట్టుకను ఆపేస్తుంది.

ఆర్‌సీడబ్ల్యూ 120 మీద కూడా వాదం నడిచింది. రెండు మేఘాలు ఢీకొని ఆ ‘ఓ’ తార పుట్టిందని 2015లో జపాన్ బృందం వాదించింది. 2021లో విమానంలో అమర్చిన సోఫియా దూరదర్శినితో తీసిన కొలతలు, ఆ బుడగ సెకనుకు 15 కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తోందనీ, దాని వయసు లక్షన్నర సంవత్సరాల లోపేననీ చూపాయి. తోస్తున్నది అయనీకరణ పీడనం ఒక్కటే కాదు, తార నుంచి వీచే గాలి కూడా. బుడగ అంత పిన్నదైతే, పోగై కూలేందుకు దానికి కావలసినంత వ్యవధి దొరికిందా అన్న ప్రశ్న మళ్లీ తెరుచుకుంది.

మృగశిర చుట్టూ

మన పంచాంగాల్లో మృగశిరగా గుర్తించే తార, ఓరియన్ తలభాగంలోని లాంబ్డా ఓరియోనిస్. అది ‘ఓ’ తరగతి తార, దూరం సుమారు 1,300 కాంతి సంవత్సరాలు. దాని చుట్టూ విశాలమైన హెచ్-టూ ప్రాంతం ఉంది. దాని వెలుపల వంద కాంతి సంవత్సరాలకు పైగా వెడల్పున్న ధూళి, అణువాయువుల ఉంగరం. ఆ ఉంగరం మీద బి-30, బి-35 అనే అంచు వెలిగే మేఘాలు, వాటిలో పసితారలు. చూడగానే ఇది పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంటుంది. కానీ క్రిస్టోఫర్ డోలన్, రాబర్ట్ మాథ్యూ ఇక్కడి తారల వయసులను ఓపికగా లెక్కించినప్పుడు కథ మారింది. వారి వివరణ ప్రకారం, సుమారు పది లక్షల ఏళ్ల క్రితం ఇక్కడొక భారీ తార సూపర్‌నోవాగా పేలి, నడిమి మేఘాన్ని చెదరగొట్టి, అక్కడ పుట్టుకను ఆపేసింది. ఉంగరం దాని ఫలితం. గైయా ఉపగ్రహం కొలతల్లో ఇక్కడి యువ తారలు కేంద్రం నుంచి బయటికి కదులుతున్నట్టు కనిపించింది. ఒక్క చోటే వెలుగు, గాలి, పేలుడు మూడూ తమ తమ పనులు చేశాయి.

ఎనభై ఏళ్ల శ్రమ మనకిచ్చింది ఒక్క జవాబు కాదు, జవాబు అడిగే పద్ధతి. తారలున్నాయి, బుడగ ఉంది అని చెబితే సరిపోదు. బుడగ వయసెంత, తారల వయసెంత, అవి ఎటు కదులుతున్నాయి, బుడగే లేకపోతే అక్కడ ఏం జరిగేది అని అడగాలి. స్ట్రోంగ్రెన్ గీసిన హద్దు నుంచి గైయా కొలతల దాకా ఒక్కో తరం ఆ ప్రశ్నలకు ఒక్కో కొలబద్దను చేర్చింది. రాజ్యాల చరిత్రలోనైనా, తారల చరిత్రలోనైనా, ఒకదాని పక్కన ఇంకొకటి జరగడాన్ని ఒకదాని వల్ల ఇంకొకటి జరగడంగా పొరబడకపోవడమే పెద్ద సాధన.

ఈ సాధన మనకెందుకంటే, ప్రశ్న చివరికి మన ఇంటికే చేరుతుంది. సృష్టి స్తంభాల చిత్రం తీయించిన హెస్టర్, 2004లో సహచరులతో కలిసి ఒక వాదన చేశాడు. మన సూర్యుడు కూడా ఏకాంతంగా కాక, ఇలాంటి హెచ్-టూ ప్రాంతపు అంచునే, పెద్ద తారల పొరుగున పుట్టాడని. దానికి సాక్ష్యం ఆకాశంలో కాదు, ఆకాశం నుంచి నేలరాలిన రాళ్లలో ఉంది.

*వచ్చే భాగం: 1969 ఫిబ్రవరిలో మెక్సికోలోని అల్లెండేలో పడిన ఉల్క. దాని లోపలి తెల్లని మచ్చల్లో, ఏడు లక్షల ఏళ్లకు సగమై నశించే అల్యూమినియం–26 వదిలిన జాడ. సూర్యుడి పుట్టినింటి ఆనవాళ్లను రాళ్లలో చదివినవారి కథ.*